సూరమ్మ మోచెయ్యి

నాకు వేణ్ణీళ్ళంటే భయం. పన్నెండేళ్ళు డాబాల మీద సోలార్ హీటర్లు బిగించినవాడు ఈ మాట అంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వుకోండి. ఇప్పుడు నాకేం నామోషీ లేదు. అప్పట్లో ఉండేది.

ఆ భయం ఎక్కడ పట్టుకుందో ముందు చెబుతాను. విశాఖపట్నంలో ఒక హాస్టలు డాబా మీద నేనూ, నాతో పనిచేసే దేముడూ పాత ప్యానెల్ ఒకటి విప్పుతున్నాం. మిట్టమధ్యాహ్నం. లోపల నీళ్ళు మరిగి ఆవిరి పట్టి ఉంటుందని ఇద్దరికీ తోచలేదు. జాయింటు వదులవుతుండగా సన్నగా ఈల వేసినట్టు చప్పుడైంది. ఆ చప్పుడు నాకు వినిపించింది. వాడికి వినిపించలేదు. చెప్పడానికి అరక్షణం ఉంది. ఆ అరక్షణంలో నేను వెనక్కి గెంతాను. దేముడు మెడ నుంచి నడుం దాకా కాలిపోయాడు.

నాలుగు నెలలకి మంచం దిగాడు. బతికాడు. ఇప్పుడు కిరాణా కొట్లో కూర్చుంటున్నాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది, ఏడ్చి ఊరుకునేవాణ్ణి.

ఆ తర్వాత నుంచి కుళాయి తిప్పాలంటే చెయ్యి వణికేది. ఎవరైనా టీ గ్లాసు అందిస్తే కింద పెట్టమనేవాణ్ణి. మాఘమాసంలో కూడా చన్నీళ్ళే పోసుకునేవాణ్ణి. కుక్కర్ కూత పెడితే లేచి వీధిలోకి పోయేవాణ్ణి. ఇలా ఉన్నవాణ్ణి పనిలో ఎవరు పెట్టుకుంటారు? నేనే మానేశాను.

చింతపల్లి దాటి ఇంకా పైకి వెళితే ఎర్రగెడ్డ కొండ మీద విరూపాక్షయ్యగారని ఒక పెద్దాయన ఉన్నారని, ఆయనకి దేనికీ భయం లేదని ఎవరో చెప్పారు. కాషాయం కట్టరట, ఉపన్యాసాలు చెప్పరట. పదకొండు మందిని దగ్గర పెట్టుకుని చూసుకుంటూ ఉంటారట. ఆయన కాళ్ళ మీద పడితే నా భయం పోతుందనుకుని బస్సెక్కాను.

ఆ పదకొండు మందీ ఒకప్పుడు కుష్టు వచ్చినవాళ్ళు. మందులు వాడారు, జబ్బు నయమైపోయింది, ఎవరికీ అంటుకోదు. కాని చేతుల్లోనూ కాళ్ళలోనూ స్పర్శ పోయింది. పోయింది మళ్ళీ రాదు. ముల్లు దిగినా వాళ్ళకి తెలీదు. నిప్పు తొక్కినా తెలీదు. ఇళ్ళవాళ్ళు రానివ్వకపోతే అయ్యగారు రమ్మన్నారు.

నేను వెళ్ళేసరికి వంటింట్లో పాలు పొంగుతున్నాయి. సూరమ్మ అని అక్కడ వంట చేసే ఆవిడ పెరట్లో ఏదో పనిలో ఉంది. అయ్యగారు గబగబా లోపలికి వెళ్ళి, మసిగుడ్డ కూడా లేకుండా, ఆ గిన్నెని రెండు చేతులతో పట్టుకుని దించి కింద పెట్టారు. మొహంలో ఏ మార్పూ లేదు. చేతులు పంచెకి తుడుచుకుని, ఎవరు బాబూ నువ్వు అని అడిగారు.

సిద్ధి అంటే ఇదే అనుకున్నాను. నిప్పుని కూడా లెక్క చెయ్యని మనిషి దొరికాడు, ఇక నాకేం కావాలి అనుకున్నాను. అక్కడే సాష్టాంగపడ్డాను. దేముడి సంగతి చెప్పాను, ఈల చప్పుడు సంగతి చెప్పాను, ఏడ్చాను కూడా.

"నా భయం తీసెయ్యండి, అయ్యగారూ."

పేరు అడిగితే సన్యాసిరావు అన్నాను. పని అడిగితే చెప్పాను. ఆయన గుమ్మం బయటికి వచ్చి డాబా వైపు చెయ్యి చూపించారు. అక్కడ ఎవరో దాత పెట్టించిన సోలార్ హీటరు ఉంది. తుప్పు పట్టి, ఒక పక్కకి వాలి ఉంది.

"పొద్దున్న వీళ్ళకి వేణ్ణీళ్ళు రావడం లేదు. అది చూడు" అన్నారు.

భయం గురించి ఒక్క ముక్క లేదు. ఇదెక్కడి గొడవరా బాబూ, దేని నుంచి పారిపోయి వచ్చానో దాని దగ్గరికే తోస్తున్నాడు ఈయన, అనుకున్నాను. పైకి మాత్రం చిత్తమండి అన్నాను.

వేణ్ణీళ్ళు ఎందుకో కూడా చెప్పాలి. అక్కడ రోజూ పొద్దున్నే జరిగే పని ఒకటుంది. వసారాలో బల్ల మీద అందరూ వరసగా కూర్చుంటారు. అయ్యగారు కింద పీట వేసుకుని, బేసిన్ లో నీళ్ళు పట్టి, గుప్పెడు ఉప్పు వేసి, రెండు చేతులూ పెట్టి ఆ ఉప్పు కరిగేదాకా కలుపుతారు. తర్వాత ఒక్కొక్కరి కాళ్ళూ అందులో పెట్టించి నానబెడతారు. మొద్దుబారిన చర్మం మెత్తబడ్డాక గీకి, నూనె రాసి, వేళ్ళ సందులన్నీ విప్పి పుండు ఏమైనా పడిందేమో చూస్తారు. వాళ్ళకి నొప్పి తెలీదు కాబట్టి ఎవరో ఒకరు చూసి చెప్పాలి. పదకొండు మందికి అయ్యేసరికి ఎండ వసారాలోకి వచ్చేస్తుంది.

ఇదివరకు సూరమ్మ కట్టెల పొయ్యి మీద డ్రమ్ముతో నీళ్ళు కాచి ఇచ్చేది. ఇచ్చేముందు మోచెయ్యి ముంచి చూసేది. ఆవిడకి ఏ జబ్బూ లేదు, చేతులు బాగానే ఉన్నాయి. ఆ ఏడు మాత్రం ముసురు వదల్లేదు, కట్టెలన్నీ నానిపోయాయి, పొగకి ఆవిడ కళ్ళు వాచిపోయాయి. సోలారు కుళాయి తిప్పితే కడుగు నీళ్ళలాంటి చల్లటి నీళ్ళు వస్తున్నాయి. ఆ నీళ్ళలో చర్మం నానదు. నానక పగుళ్ళు వేసింది. పోలమ్మ అని డెబ్భై ఏళ్ళావిడకి మడమ చీలి పుండైంది. ఆ పుండు ఎముక దాకా పోతే కాలు తీసెయ్యాలని చింతపల్లి నుంచి వచ్చే నర్సమ్మ చెప్పి వెళ్ళింది. అందుకని వేణ్ణీళ్ళు కావాలి.

మర్నాడు తెల్లారగానే డాబా ఎక్కాను. ఎండెక్కాక ఆ హీటరు దగ్గరికి వెళ్ళే ధైర్యం నాకు లేదు. తెల్లవారుజామున అన్నీ చల్లగా ఉంటాయి, అప్పుడే విప్పి చూశాను. చూస్తే దాని సంగతి అంతా అర్థమైంది. పగలు బాగానే వేడెక్కుతోంది, సాయంత్రానికి నీళ్ళు కాగుతూనే ఉన్నాయి. తెల్లారేసరికి ఆ వేడి మొత్తం గాలికి పోతోంది. వేడి బయటికి పోకుండా ట్యాంకు చుట్టూ ఉండాల్సిన గాజు దూదిని ఎలుకలు పీక్కుపోయి గూళ్ళు కట్టుకున్నాయి. పైపులు బోసిగా ఉన్నాయి. ప్యానెల్ అద్దం మూల పగిలి, లోపలికి చెమ్మ దిగింది. పగలంతా సంపాదించింది రాత్రంతా తగలేస్తోందన్నమాట.

గాజు దూది తేవాలంటే విశాఖపట్నం పోవాలి. నాకు కొండ దిగబుద్ధి కాలేదు. కొండ కింద రైస్ మిల్లు ఉంది, అక్కడ ఊక ఊరికే ఇస్తారు. పది బస్తాలు మోయించాను. పాత తలుపుల చెక్కలతో ట్యాంకు చుట్టూ పెట్టె కట్టి, మధ్యలో జానెడు మందాన ఎండబెట్టిన ఊక కూరాను. చెమ్మ తగిలితే ఊక ఎందుకూ పనికిరాదు కాబట్టి పైన టార్పాలిన్ కప్పాను. పైపులకి కొబ్బరి పీచు చుట్టి, దాని మీద గుడ్డలు చుట్టి, అవి ఊడిపోకుండా సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించాను. చెయ్యి వణకని పని కదా, హాయిగా చేశాను.

రాత్రిళ్ళు ప్యానెల్ అద్దం లోంచి కూడా వేడి పోతుంది. దాని మీద కప్పడానికి బొంత కావాలని అడిగాను. వసారాలో ఉన్నవాళ్ళంతా పాత చీరలు, పంచెలు పోగేసి కుట్టడానికి కూర్చున్నారు. వేళ్ళు సరిగ్గా లేని చేతుల్లో సూది ఎలా నిలుస్తుందో నేను చూడలేకపోయాను. పోలమ్మ అయితే బొటనవేలుకీ అరచేతికీ మధ్య సూది నొక్కిపెట్టి, కళ్ళు దగ్గరగా పెట్టుకుని కుట్టేది. సూది ఎక్కడుందో ఆవిడకి కన్నే చెప్పాలి.

"ఏటి బాబూ, నీ ట్యాంకేటి బాలింతా? ఇన్ని కప్తన్నావు?" అని నవ్వింది.

అంతా నవ్వారు. చాలా రోజుల తర్వాత నేనూ నవ్వాను.

పెట్టె కట్టిన నాలుగో రోజుకి పొద్దున నీళ్ళు గోరువెచ్చగా రావడం మొదలైంది. నేను చెయ్యి పెట్టి చూడలేదు లెండి. తీగ చివర థర్మామీటరు కట్టి ట్యాంకులోకి దించేవాణ్ణి. ముందు ఇరవై నాలుగు ఉండేది ముప్పై ఒకటైంది, తర్వాత ముప్పై ఎనిమిది. సూరమ్మ ఒకరోజు కుళాయి కింద మోచెయ్యి పెట్టి, చాలా బాగున్నాయి బాబూ, ఇంక నా డ్రమ్ము అవసరం లేదు అని దాన్ని తీసుకెళ్ళి పెరట్లో బోర్లించింది. ఆ రోజు తర్వాత ఆవిడ వసారాలోకి రావలసిన పని లేకపోయింది. కుళాయి తిప్పితే నీళ్ళు వస్తున్నాయి, బాగున్నాయి, ఇంకేం కావాలి?

అప్పుడు నాకు పొగరెక్కింది. ముప్పై ఎనిమిది ఏం లెక్క అనిపించింది. పగిలిన అద్దం మార్పించాను. సాయంత్రం ఎండ దిగుతుండగా బొంత కప్పి, తెల్లారాక తీసేవాణ్ణి. ముసురు వెళ్ళిపోయింది, వరసగా మూడు రోజులు కళ్ళు బైర్లు కమ్మే ఎండ కాసింది. మూడో రోజు సాయంత్రం థర్మామీటరు డెబ్భై రెండు చూపించింది. ఎవరికీ చెప్పలేదు. ముందే చెప్పేస్తే రుచేముంది? పొద్దున్న అయ్యగారే కుళాయి తిప్పి, చెయ్యి పెట్టి, నా వైపు చూడాలి. ఆ చూపు కోసం రాత్రి నిద్ర కూడా సరిగా పట్టలేదు.

తెల్లారి డాబా ఎక్కాను. కొండంతా పొగమంచు. బొంత మీద మంచు నీరై కారుతోంది. థర్మామీటరు దించి పైకి లాగితే అరవై రెండు. బయట ఒళ్ళు కొంకర్లు పోయే చలి, లోపల అరవై రెండు. రాత్రంతా పోయింది పది డిగ్రీలే. నా పన్నెండేళ్ళ పనిలో ఏ కంపెనీ ట్యాంకూ అలా నిలబెట్టడం నేను చూడలేదు. ఆ పొద్దున నాకు భయం లేదు. రెండేళ్ళలో అది లేని పొద్దు అదొక్కటే.

కిందికి దిగి వసారా స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. అందరూ బల్ల మీదికి వచ్చారు. పోలమ్మ కట్టు విప్పుకుని మడమ పట్టుకుని కూర్చుంది. ఆ చలికి అందరి నోట్లోంచీ ఆవిరి వస్తోంది, మంచు వసారాలోకి కూడా వచ్చేసింది. అయ్యగారు పీట వేసుకుని కుళాయి తిప్పారు. బేసిన్ లోంచి లేచిన ఆవిరి ఆ మంచులో కలిసిపోయింది. ఎవరికీ వింతగా కనిపించలేదు.

గుప్పెడు ఉప్పు వేశారు. రెండు చేతులూ మణికట్ల దాకా ముంచి కలపడం మొదలుపెట్టారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఇప్పుడు చూస్తారు నా వైపు, ఇప్పుడు చూస్తారు అనుకుంటున్నాను. ఆయన చూడలేదు. పోలమ్మతో ఏదో మాట్లాడుతూ నెమ్మదిగా కలుపుతున్నారు. మొహం పాలగిన్నె దించిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. అరవై డిగ్రీల నీళ్ళలో చేతులు పెట్టి ఈ మనిషి కబుర్లు చెబుతున్నాడు. కూర్చున్నచోటే చేతులు జోడించాను.

జోడించిన చేతుల మీదుగా ఆయన మణికట్లు కనిపించాయి. నీళ్ళు ఎక్కడి దాకా ఉన్నాయో అక్కడ గాజు తొడిగినట్టు గీత పడి ఉంది. గీతకి పైన మామూలు చర్మం. కింద ఎర్రగా వాస్తోంది.

అది సిద్ధి ఉన్నవాడి చెయ్యి కాదు. కాలుతున్న చెయ్యి. అంతలో పోలమ్మ పుండు మడమ ఎత్తి బేసిన్ మీదికి తెచ్చింది.

లేచి నిలబడ్డాను. నా కాలు వెనక్కి ఒక అడుగు వేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, వెనక్కే వేసింది. హాస్టలు డాబా మీద వేసిన అడుగే అది. వీపు స్తంభానికి తగిలింది. ఆగండి అని అరవాల్సింది, అరవలేదు. మళ్ళీ అదే జరగబోతోంది, మళ్ళీ నేను చూస్తూ నిలబడ్డాను, ఈసారి డెబ్భై ఏళ్ళ ముసలావిడ, ఆ కాలు కాస్తా పోతుంది, అని తెలుస్తూనే ఉంది.

స్తంభం దగ్గర్నుంచి ముందుకి ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. బేసిన్ అంచు పట్టుకుని లాగేశాను. నీళ్ళన్నీ నా పాదాల మీద పడ్డాయి. చచ్చానురా దేవుడా అని అరిచాను. కొండ అవతలి గూడెంలో కూడా వినిపించిందట.

పదకొండు మందీ నన్నే చూస్తున్నారు. పోలమ్మ కాలు గాల్లోనే ఉంది, దాని మీద చుక్క కూడా పడలేదు. అయ్యగారు ఖాళీ బేసిన్ వంక చూశారు, ఎగిరెగిరి గెంతుతున్న నన్ను చూశారు. చివరికి తన చేతులు పైకెత్తి తిప్పి చూసుకున్నారు.

"వేడిగా ఉందా, బాబూ?" అని అడిగారు.

నన్ను పరీక్షించడానికి అడగలేదు. ఆయనకి తెలీక అడిగారు.

సూరమ్మ నా అరుపు విని పరిగెత్తుకొచ్చింది. ఆయన చేతులు చూసి నెత్తి కొట్టుకుని, చన్నీళ్ళ కుండ ఎత్తి వాటి మీద పోస్తూనే నన్ను తిట్టిపోసింది. ఎంత కాగాయో చెప్పొద్దా అంది. అయ్యగారి చేతుల సంగతి నీకు తెలీదా అంది. తెలీదన్నాను. పదేళ్ళ వయసులోనే ఆయనకి ఆ జబ్బు వచ్చిందట. తొందరగా మందు పడటం వల్ల వేళ్ళు వంకర పోలేదు, చూడ్డానికి ఏమీ తెలియదు. స్పర్శ మాత్రం మోచేతుల దాకా లేదు, పాదాల్లోనూ లేదు. అది అక్కడ అందరికీ తెలిసిన సంగతే కాబట్టి నాకు ప్రత్యేకంగా ఎవరూ చెప్పలేదు. నేను వచ్చిన రోజు పాలగిన్నె దించినప్పుడు కూడా రెండు అరచేతులూ బొబ్బలెక్కాయట. మసిగుడ్డ వెతికేలోపు పాలు పోతాయని దించేశారట. సూరమ్మే మందు రాసిందట. నేను కాళ్ళ మీద పడి సిద్ధి సిద్ధి అనుకుంటున్న ఆ గంటలోనే.

నా పాదాలకి పైపైన బొబ్బలొచ్చాయి, నాలుగు రోజుల్లో తగ్గాయి. ఆయన చేతులు అలా కాదు. సాయంత్రానికి చేతి తొడుగు ఊడినట్టు చర్మం ఊడింది. నర్సమ్మ వచ్చి కట్టు కట్టి, చీము పడితే వేళ్ళు నిలవవని సూరమ్మతో గొంతు తగ్గించి చెప్పింది. నాకు వినిపించింది. రెండో రోజు ఆయనకి జ్వరం వచ్చింది. మూడో రోజు కట్టు విప్పుతుంటే తలుపు అవతల కూర్చుని చెవులు మూసుకున్నాను. ఆ చేతులే పదకొండు మంది కాళ్ళు కడిగేవి. ఆ చేతులు పోతే ఈ కాళ్ళు ఎవరు చూస్తారు? నేను తిండి తినలేదు. మొదటి రోజు సూరమ్మ తిట్టింది తప్ప ఎవరూ నన్నేమీ అనలేదు. దేముడు కూడా ఏమీ అనలేదు. నేను ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు కాలిపోతారు, నన్నెవరూ ఏమీ అనరు. పిచ్చెక్కేటట్టుంది అనిపించింది.

అయిదో రోజు మధ్యాహ్నం పలుగు తీసుకుని డాబా ఎక్కాను. ఊకపెట్టె బద్దలు కొట్టి, అంతా గాలికి వదిలేసి, సాయంత్రం బస్సుకి పోదామని. పలుగు ఎత్తేసరికి మెట్ల మీద చప్పుడైంది. అయ్యగారు, రెండు చేతులకీ పెద్ద పెద్ద కట్లతో, గోడకి భుజం ఆనించుకుంటూ ఎక్కి వస్తున్నారు. జ్వరం తగ్గిందట. చీము పడలేదని ఆ పొద్దునే నర్సమ్మ చెప్పి వెళ్ళిందట. నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగడానికి భయపడ్డాను.

ఆయన పెట్టె పక్కన కూర్చుని దాని వంక చూశారు.

"ఊక ఎంత మందం వేశావు?"

"జానెడండి."

"బాగా వేశావు."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మీకు సిద్ధి ఉందనుకున్నాను అయ్యగారూ, మీలాగా కావాలని వచ్చాను అన్నాను. ఆయన పెద్దగా నవ్వారు. నాలాగా అవ్వకు నాయనా అన్నారు. తర్వాత కట్టు కట్టిన చేత్తో పలుగుని పక్కకి నెట్టి, రేపు పొద్దున్న వసారాలోకి రా అని చెప్పి, నా భుజం పట్టుకుని కిందికి దిగారు.

మర్నాడు వెళ్ళాను. బల్ల మీద పదకొండు మందీ కూర్చుని ఉన్నారు. పోలమ్మ పక్కన పన్నెండో మనిషిగా అయ్యగారు కూర్చుని ఉన్నారు, పంచె మోకాళ్ళ దాకా ఎత్తుకుని, కాళ్ళు చాపుకుని. కింద పీట ఖాళీగా ఉంది. దాని ముందు బేసిన్, పక్కన ఉప్పు గిన్నె, చన్నీళ్ళ కుండ. సూరమ్మ చీర కొంగు దోపుకుని వంటింట్లోంచి వస్తుంటే ఆయన వద్దని తల ఊపారు. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

అందరూ కాళ్ళు చాపుకుని నా కోసం చూస్తున్నారు. సూరమ్మని ఆపేశాక, అంతమందిలో ఆ నీళ్ళు కాలుతున్నాయో లేదో చెప్పగలిగిన ఒళ్ళు నాదొక్కటే. నాకు పారిపోవాలనిపించింది. ఆ పన్నెండు జతల కాళ్ళని దాటుకుని పోవాలి, అది నా వల్ల కాలేదు.

పీట మీద కూర్చున్నాను. కుళాయి తిప్పాను. పైపులో గాలి ఉండి సన్నగా ఈల వేసినట్టు చప్పుడైంది. కుళాయి కట్టేసి కాసేపు కళ్ళు మూసుకున్నాను. మళ్ళీ తిప్పాను. బేసిన్ నిండింది, ఆవిరి లేచింది. థర్మామీటరు జేబులోనే ఉంది, తియ్యలేదు. సూరమ్మ చేసినట్టే చొక్కా చెయ్యి పైకి మడుచుకుని, మోచెయ్యి నీళ్ళకి దగ్గరగా తెచ్చాను. రెండుసార్లు వెనక్కి తీసుకున్నాను. మూడోసారి ముంచాను.

చురుక్కుమంది. లాగేసుకున్నాను. చన్నీళ్ళు రెండు చెంబులు పోసి మళ్ళీ ముంచాను. ఇంకా వేడే. ఇంకో చెంబు పోశాను. అలా ఎన్నిసార్లు ముంచానో నాకే తెలీదు. మోచెయ్యి ఎర్రబడింది, చెయ్యి వణుకుతూనే ఉంది, చొక్కా అంతా తడిసిపోయింది. పోలమ్మ కూడా ఏ హాస్యం ఆడకుండా చూస్తోంది. చివరికి నీళ్ళు ఒంటికి తగిలీ తగలనట్టు వెచ్చగా అనిపించాయి. ఉప్పు వేసి చేత్తో కలిపాను. కరిగేదాకా చెయ్యి తియ్యలేదు.

"ఇప్పుడు పర్వాలేదండి" అన్నాను.

అందరికంటే ముందు అయ్యగారు కాళ్ళు పెట్టారు. నీళ్ళ వంక చూడలేదు, నా మొహం చూస్తూ పెట్టారు. నేను కూడా ఆయన కాళ్ళ రంగు మారుతుందేమోనని రెప్ప వెయ్యకుండా చూశాను. మారలేదు. మడమలు గీకాను, నూనె రాశాను, వేళ్ళ సందులు విప్పి చూశాను. ఎడమ కాలి చిటికెన వేలు కింద గోరంత పుండు కనిపిస్తే చెప్పాను. అవునా అన్నారు.

ఆయన కాళ్ళు తుడుస్తుంటే ఆగలేక అడిగేశాను.

"అయ్యగారూ, నా భయం పోలేదండి. చూడండి, చెయ్యి ఎలా వణుకుతోందో."

ఆయన నా చెయ్యి చూశారు. తన కట్టు కట్టిన చేతిని దాని పక్కన పెట్టి కాసేపు రెండూ చూశారు.

"అది పోయిన రోజు నాకు చెప్పు" అన్నారు. "ఆ రోజు నుంచి నీళ్ళు ఇంకొకరి చేత పట్టిస్తాను."

బేసిన్ ఒంపేసి, పోలమ్మ కోసం మళ్ళీ కుళాయి తిప్పి మోచెయ్యి ముంచాను.